ఆస్పత్రి ధరకు మెడికేర్ కొలబద్ద: రాష్ట్ర ఉద్యోగుల బీమాలో గరిష్ఠ పరిమితి ఎలా పనిచేస్తుంది?

మీ ప్రశ్నను ముందుగా నేను అర్థం చేసుకున్న విధంగా చెబుతాను. మీ శ్రీమతి గారు వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక పాఠశాల జిల్లాలో ఉపాధ్యాయురాలు. ఆవిడకు బీమా పాఠశాల ఉద్యోగుల ప్రయోజనాల బోర్డు, అందరూ సెబ్ అని పిలిచే బోర్డు ద్వారా వస్తుంది. మీరు పనిచేసేది ప్రైవేటు సాఫ్ట్‌వేర్ సంస్థలో, మీ బీమా వేరు. 2027 జనవరి నుంచి రాష్ట్ర ఉద్యోగుల పథకాలు, పాఠశాల ఉద్యోగుల పథకాలు ఆస్పత్రులకు మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు కేంద్ర ప్రభుత్వం నడిపే బీమా) ఇచ్చే ధరకు రెండింతలకు మించి చెల్లించకూడదని 2025లో చట్టం వచ్చిందని తెలిసి మీరు మూడు సంగతులు అడిగారు. మనం వెళ్లే ఆస్పత్రి నెట్‌వర్క్ నుంచి, అంటే బీమాతో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల జాబితా నుంచి తప్పుకుంటుందా, ప్రీమియం తగ్గుతుందా, ఇంత మంచి నిబంధన మీ కంపెనీ ప్లాన్‌కు ఎందుకు వర్తించదు? నేను చాలా ఏళ్లుగా ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తాను.

మొదట తెలుసుకోవలసింది, అమెరికాలో ఆస్పత్రి ధర అనేది ఒకటి కాదు. ప్రతి ఆస్పత్రికీ ఛార్జ్‌మాస్టర్ అనే ధరల పట్టిక ఉంటుంది. అందులోని అంకెలు ఆస్పత్రి తనంతట తాను వేసుకున్నవి, వాటిని పూర్తిగా చెల్లించేవారు చాలా తక్కువ. బీమా సంస్థలు ఆ పట్టికలోని ధర మీద ఇంత శాతం తగ్గింపు అని ఒప్పందం చేసుకుంటాయి. చాలా ఏళ్ల క్రితం ఒక రాష్ట్రపు ఉద్యోగుల పథకం సమీక్షకు వెళ్లినప్పుడు, పథకాన్ని నిర్వహించే సంస్థ ప్రతినిధి తాము సగానికి సగం తగ్గింపు సాధించామని చెబితే సభ్యులందరూ సంతోషించారు. దేని మీద సగం అన్న ప్రశ్న ఆనాడు ఎవరూ వేయలేదు.

కేవలం ఉదాహరణకు ఒక లెక్క చెబుతాను. ఒక ఎంఆర్‌ఐ స్కానుకు పట్టికలో 4,000 డాలర్లు ఉంది, 50 శాతం తగ్గింపుతో పథకం 2,000 చెల్లించింది. మరుసటి ఏడాది ఆస్పత్రి పట్టిక ధరను 5,000కు పెంచి, తగ్గింపును ఉదారంగా 55 శాతం చేసిందనుకోండి. తగ్గింపు పెరిగింది, చెల్లింపు కూడా 2,250కి పెరిగింది. అదే స్కానుకు అదే ఆస్పత్రికి మెడికేర్ 400 డాలర్లు ఇస్తున్నదని తెలిస్తే, మనం అయిదింతలకు పైగా ఇస్తున్నామని వెంటనే బోధపడుతుంది. ఈ ధర పరిమితి విధానాలన్నింటికీ మూలం ఇక్కడే ఉంది. ఆస్పత్రి పట్టిక నుంచి కిందికి లెక్కించడం మానేసి, మెడికేర్ ధర నుంచి పైకి లెక్కించాలి.

మెడికేర్‌నే కొలబద్దగా ఎందుకు తీసుకున్నారంటే, అది 65 ఏళ్లు దాటిన వారికీ, కొందరు వికలాంగులకూ కేంద్ర ప్రభుత్వం నడిపే బీమా. దేశంలో దాదాపు ప్రతి పెద్ద ఆస్పత్రీ దాన్ని అంగీకరిస్తుంది. 1983 నుంచి ఇన్‌పేషెంట్, అంటే ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్సలకు రోగ నిర్ధారణ వర్గాన్ని బట్టి ఒక మొత్తం నిర్ణయించే పద్ధతి అమలులో ఉంది. స్థానిక వేతనాల స్థాయి, వైద్య విద్య బోధించే ఆస్పత్రి అవునా కాదా, పేద రోగులు ఎందరు వస్తారు వంటివి ఆ మొత్తంలో ముందే కలిసి ఉంటాయి, ఏటా సవరణ జరుగుతుంది. అందువల్ల మహానగరమైన సియాటిల్ ఆస్పత్రినీ చిన్న నగరమైన యాకిమా ఆస్పత్రినీ ఒకే కొలతతో పోల్చవచ్చు. ఈ ధర తమ ఖర్చుకు కూడా చాలదని ఆస్పత్రులు అంటాయి. 2022లో తాము పెట్టిన ప్రతి డాలరు ఖర్చుకూ మెడికేర్ 82 సెంట్లే ఇచ్చిందని అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ లెక్క. ఆ వాదనను నేను తోసిపుచ్చను. అయితే ఆ లెక్కనే నిజమనుకున్నా, మెడికేర్‌కు రెండింతలంటే డాలరు ఖర్చుకు 1 డాలరు 64 సెంట్లు అవుతుంది. ఇక ప్రైవేటు బీమాలు, యాజమాన్యాలు ఎంత ఇస్తున్నాయో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా లెక్కగట్టింది. 2022లో అది సగటున మెడికేర్‌కు 254 శాతం.

ఇప్పుడు చరిత్రకు వస్తాను, ఎందుకంటే ఆస్పత్రులు తప్పుకుంటాయా అన్న మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 2014 చివరలో మోంటానా రాష్ట్ర ఉద్యోగుల పథకం నిర్వహణ బాధ్యతను మార్లిన్ బార్ట్‌లెట్ అనే అకౌంటెంట్ చేపట్టారు. అప్పటికి నిల్వ నిధి కరిగిపోతూ, కొన్నేళ్లలో ఖాళీ అయ్యే దశలో ఉంది. పథకంలో ఉన్నది సుమారు 31,000 మంది మాత్రమే. ఆమె రాష్ట్రంలోని పెద్ద ఆస్పత్రులకు చేస్తున్న చెల్లింపులను మెడికేర్‌తో పోల్చి చూస్తే, ఔట్‌పేషెంట్, అంటే ఆస్పత్రిలో చేరకుండా పొందే సేవలలో ఒక ఆస్పత్రికి రెండింతలకు కొంచెం పైన, మరొకదానికి ఆరింతలు ఇస్తున్నట్లు తేలింది. ఒకే రాష్ట్రం, ఒకే పథకం, ఒకే రకం సేవ! ఆమె ఆస్పత్రులన్నింటికీ ఒకే మాట చెప్పారు: 2016 జులై నుంచి చెల్లింపు మెడికేర్ ఆధారంగానే ఉంటుంది, మొత్తం మీద సగటు 234 శాతం. ముందే తక్కువ తీసుకుంటున్న ఆస్పత్రులు మొదట సంతకం చేశాయి. ఎక్కువ తీసుకుంటున్నవి ఆలస్యంగా వచ్చాయి. చివరి వరకు ఒక్క ఆస్పత్రి పట్టుబట్టి కూర్చుంటే, ఉద్యోగ సంఘాల సభ్యులు ఆ ఆస్పత్రికి ఫోన్లు చేసి ఒత్తిడి తెచ్చారు, గడువు దగ్గర పడ్డాక అదీ ఒప్పుకుంది. ఆస్పత్రుల ఒప్పందాల వల్ల తర్వాతి మూడు ఆర్థిక సంవత్సరాలలో సుమారు 4 కోట్ల 78 లక్షల డాలర్లు ఆదా అయినట్లు తరువాత జరిగిన మూల్యాంకనంలో తేలింది.

దీన్ని చూసి ఉత్సాహపడిన రాష్ట్రం నార్త్ కరొలైనా. అక్కడి పథకం చాలా పెద్దది, సభ్యులు 7 లక్షల పైమాటే. అప్పటి రాష్ట్ర కోశాధికారి డేల్ ఫోల్వెల్ 2020 జనవరి నుంచి మెడికేర్ ఆధారంగా, సగటున రెండింతలకు అటు ఇటుగా చెల్లిస్తామని ప్రకటించారు. సభ్యులు ఎక్కువ కాబట్టి బేరం చేసే బలం కూడా ఎక్కువని చాలామంది భావించారు. జరిగింది వేరు. రాష్ట్రంలోని వందకు పైగా ఆస్పత్రులలో సంతకం చేసినవి అయిదు. వేలాది మంది వైద్యులు చేరారు గానీ, పెద్ద ఆస్పత్రి వ్యవస్థలు కలసికట్టుగా నిరాకరించాయి. ప్రతినిధుల సభలో ఈ మార్పును ఆపి ముందు అధ్యయనం చేయించాలనే బిల్లు కూడా నెగ్గింది. గడువు దగ్గర పడింది, 7 లక్షల మందికి ఆస్పత్రి లేకుండా చేయడం ఏ అధికారికీ సాధ్యం కాదు, కాబట్టి 2019 ఆగస్టులో బ్లూ క్రాస్ బీమా సంస్థ పాత నెట్‌వర్క్‌ను కూడా కలుపుకుని కొనసాగవలసి వచ్చింది.

చిన్న మోంటానా గెలిచి పెద్ద నార్త్ కరొలైనా ఓడిపోవడాన్ని నేను చాలాకాలం ఆలోచించాను. నా అభిప్రాయంలో సభ్యుల సంఖ్య ఒక్కటే బలం కాదు. తాను కాదంటే ఏమవుతుందని ఆస్పత్రి లెక్క వేసుకుంటుంది. మోంటానాలో ఆస్పత్రులు విడివిడిగా తేల్చుకోవలసి వచ్చింది, ఉద్యోగ సంఘాలు అధికారి పక్షాన నిలిచాయి, అందువల్ల చివరికి మిగిలిన ఆస్పత్రి ఒంటరి అయింది. నార్త్ కరొలైనాలో అందరూ కలిసి కాదన్నారు, కాదన్నందుకు వారికి పోయేదేమీ లేకపోయింది, ఎందుకంటే పాత ఒప్పందపు ధర వెనుక సిద్ధంగా ఉంది.

ఆరెగాన్ ఈ చిక్కును చట్టంతో విప్పింది. 2017లో బడ్జెట్ లోటు భయపెడుతున్నప్పుడు అక్కడి శాసనసభ ఎస్‌బీ 1067 అనే బిల్లును ఆమోదించింది. రాష్ట్ర ఉద్యోగులు, పాఠశాల ఉద్యోగుల బోర్డులు రెండూ కలిపి సుమారు 3 లక్షల మంది ఉన్న పథకాలు, నెట్‌వర్క్‌లోని ఆస్పత్రికి మెడికేర్‌కు 200 శాతం మించి, నెట్‌వర్క్ బయటి ఆస్పత్రికి 185 శాతం మించి చెల్లించరాదు. 2019 అక్టోబరులో మొదలై 2020 జనవరికల్లా రెండు బోర్డులకూ అమలయింది. రెండో అంకెను గమనించండి. ఆస్పత్రి అలిగి నెట్‌వర్క్ నుంచి బయటకు వెళ్లినా, గుండెపోటుతోనో ప్రమాదంలోనో ఆ పథకపు సభ్యుడు అత్యవసర విభాగానికి రాక మానడు. అప్పుడు దొరికేది 200 కాదు, 185. బయటకు పోతే ఎక్కువ వస్తుందన్న ఆశను చట్టమే తీసివేసింది. ఫలితంగా పరిమితి వర్తించే 24 ఆస్పత్రులలో ఒక్కటి కూడా తప్పుకోలేదు. మీ రాష్ట్రపు చట్టం అనుసరించినది ఇదే నమూనా, అంకెలు కూడా అవే: లోపల 200, బయట 185. అందువల్ల మీ ఆస్పత్రి తప్పుకుంటుందన్న భయం ఎంత మాత్రం లేదని నేను చెప్పను గానీ, మూకుమ్మడిగా వెళ్లిపోవడం జరుగుతుందని అనుకోవడానికి అనుభవంలో ఆధారం లేదు.

వాషింగ్టన్ మరొక దారిలో ఈ పాఠం ముందే నేర్చుకుంది. 2019లో క్యాస్కేడ్ కేర్ పేరుతో తెచ్చిన ప్రభుత్వ ప్రమాణాల బీమాలో చెల్లింపులు మొత్తం మీద మెడికేర్‌కు 160 శాతం దాటరాదన్నారు. చేరడం ఆస్పత్రుల ఇష్టానికి వదిలేశారు. చాలా ఆస్పత్రులు చేరలేదు, అనేక కౌంటీలలో ఆ ప్లానే దొరకలేదు. 2021లో చట్టాన్ని సవరించి, రాష్ట్ర ఉద్యోగుల పథకాలతో గానీ, పేదలకు ప్రభుత్వం నడిపే మెడికెయిడ్ బీమాతో గానీ వ్యాపారం చేసే ఆస్పత్రులు కోరినప్పుడు ఇందులోనూ చేరాలన్న షరతు పెట్టవలసి వచ్చింది. ధర నిర్ణయించడం ఒక పని, ఆ ధరకు సేవ దొరికేటట్లు చూడడం మరొక పని. రెండోది లేకుండా మొదటిది కాగితం మీదే ఉంటుంది.

ఈ మాట మన తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆరోగ్యశ్రీకీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉద్యోగుల ఆరోగ్య పథకానికీ ప్యాకేజీ ధరలు ప్రభుత్వమే నిర్ణయిస్తూ వచ్చింది, అయినా బకాయిలు పేరుకుపోయి ఆస్పత్రులు సేవలు నిలిపివేసిన సందర్భాలు రెండు రాష్ట్రాలలోనూ చూశాం. ఇక్కడి పథకాలకు ఆ జబ్బు లేదు. బిల్లుల చెల్లింపుకు గడువులు ఉన్నాయి, మెడికేర్ ధర ఏటా సవరించబడుతుంది, దాని మీద రెండింతలు ఇస్తున్నారు. కాబట్టి అక్కడి అనుభవంతో ఇక్కడి పరిమితిని చూసి కలవరపడనవసరం లేదు.

ఇక డబ్బు సంగతి. ఆరెగాన్ పరిమితి ఫలితాలను పరిశోధకులు కొలిచి 2024లో ప్రచురించారు. మొదటి 27 నెలలలో సుమారు 10 కోట్ల 75 లక్షల డాలర్లు మిగిలాయి, అది పథకం మొత్తం ఖర్చులో దాదాపు 4 శాతం. ఔట్‌పేషెంట్ సేవలకు ఆస్పత్రికి చెల్లించే ధర సుమారు నాలుగో వంతు తగ్గింది, ఇన్‌పేషెంట్ ధరలలో మార్పు స్వల్పం. ఈ తేడాకు కారణం నా పనిలో రోజూ కనిపించేదే. స్కానులు, కొలొనోస్కోపీలు, చిన్న శస్త్రచికిత్సలు, ఇంజెక్షన్ ద్వారా ఇచ్చే మందులు ఆస్పత్రి పేరుతో జరిగినప్పుడు ఫెసిలిటీ ఫీజు అనే రెండో బిల్లు వస్తుంది. నిన్నటి దాకా సొంతంగా నడిచిన క్లినిక్‌ను ఆస్పత్రి కొన్న మరునాటి నుంచి అదే గదిలో అదే డాక్టరు చేసిన పనికి ఆ ఫీజు మొదలవుతుంది. మెడికేర్‌తో పోలిస్తే అన్నింటికన్నా ఎక్కువ అంతరం ఇక్కడే ఉండడం వల్ల, పరిమితి పెట్టగానే మొదట దిగివచ్చేదీ ఇదే.

అందుకని ప్రీమియం గురించి మీరు పెద్ద ఆశలు పెట్టుకోవద్దని చెప్పవలసి వస్తోంది. 4 శాతం అంటే పథకానికి చాలా పెద్ద మొత్తం, కానీ వైద్య ఖర్చులు ఒక ఏడాదిలో పెరిగే శాతమే దాన్ని మించి ఉండవచ్చు. ప్రీమియం తగ్గడం కాక, పెరుగుదల నెమ్మదించడం కనిపిస్తుంది. పైగా మీ శ్రీమతి గారి ప్రీమియంలో అధిక భాగం యాజమాన్యమే భరిస్తుంది కాబట్టి ఆదా మొదట చేరేది రాష్ట్ర ఖజానాకు. ఆ డబ్బు జీతాలకు, పాఠశాలలకు వెళ్లాలని నేను మనసారా కోరుకుంటాను, కానీ వెళ్తుందని చట్టం హామీ ఇవ్వదు. మీ ఇంటికి నేరుగా తెలిసే లాభం మరొక చోట ఉంటుంది. పైన చెప్పిన స్కానునే తీసుకుంటే, డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు ఏటా మీరే భరించే మొత్తం) తీరాక మీ వాటా 15 శాతం అనుకుంటే, ధర 2,000 ఉన్నప్పుడు మీరు కట్టేది 300 డాలర్లు. పరిమితి వల్ల ధర 800 అయితే మీరు కట్టేది 120. డిడక్టిబుల్ ఇంకా తీరని జనవరి, ఫిబ్రవరి నెలల్లో తేడా మరింత ఎక్కువ.

పరిమితి పెట్టే పద్ధతులలో రోగి మీద భారం వేసేవి కూడా ఉన్నాయి, వాటికీ దీనికీ తేడా తెలియాలి. కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల సంస్థ కాల్‌పర్స్ 2011 జనవరిలో మోకాలి, తుంటి కీళ్ల మార్పిడికి తాము 30,000 డాలర్లే ఇస్తామని, అంతకు మించి తీసుకునే ఆస్పత్రికి వెళ్తే మిగతాది సభ్యుడే కట్టుకోవాలని నిబంధన పెట్టింది. రోగులు చవకైన ఆస్పత్రులకు మళ్లారు, ఖరీదైన ఆస్పత్రులు మొదటి రెండేళ్లలో తమ ధరను దాదాపు మూడో వంతు తగ్గించాయి. ముందుగా తేదీ నిర్ణయించుకుని, నాలుగు చోట్ల విచారించి చేయించుకునే శస్త్రచికిత్సలకు అది పనిచేసింది. అర్ధరాత్రి అపెండిసైటిస్‌తో వెళ్లేవారికి అది పనికిరాదు. ఆరెగాన్ పద్ధతిలో బేరం భారం రోగి మీద పడదు, అందుకే నేను దాన్నే సమర్థిస్తాను.

ఆస్పత్రుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాలలో బలమైనది గ్రామీణ ఆస్పత్రుల గురించి. పాతిక పడకల ఆస్పత్రి మూతపడితే ప్రసవానికి వంద మైళ్లు పోవలసిన ఊళ్లు ఉన్నాయి. ఆరెగాన్ అందుకే చిన్న గ్రామీణ ఆస్పత్రులను పరిమితి నుంచి మినహాయించింది. వాషింగ్టన్ చట్టంలోనూ వాటికీ, పిల్లల ఆస్పత్రులకూ ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. పిల్లల ఆస్పత్రులకు వేరే లెక్క ఉండడం న్యాయమే, ఎందుకంటే మెడికేర్ ధరలు వృద్ధుల చికిత్సల అనుభవంతో తయారైనవి. ప్రసవాలకూ నవజాత శిశువుల వైద్యానికీ ఆ కొలబద్ద అంత బాగా అతకదు. ఇంకొక సంగతి నాకు చాలా నచ్చింది. వాషింగ్టన్ చట్టం ఆస్పత్రులకు పైకప్పు వేస్తూనే, ప్రాథమిక వైద్యానికీ మానసిక ఆరోగ్య సేవలకూ మెడికేర్‌కు 150 శాతానికి తగ్గకుండా చెల్లించాలని నేల కూడా వేసింది. ఫ్యామిలీ డాక్టరు అపాయింట్‌మెంటు కోసం నెలల తరబడి వేచి ఉండేవారికి దీని విలువ తెలుస్తుంది.

రెండో అభ్యంతరం, ఇక్కడ తగ్గిన డబ్బును ఆస్పత్రులు మీ వంటి ప్రైవేటు ఉద్యోగుల బీమా మీద వేస్తాయన్నది. వినడానికి సహజంగా ఉంటుంది. అయితే ఆస్పత్రి మీ కంపెనీ నుంచి ఇప్పటికే రాబట్టగలిగినంత రాబడుతూనే ఉంటుంది. రాష్ట్రం తక్కువ ఇచ్చినంత మాత్రాన మీ కంపెనీ ముందు దాని బేరపు బలం పెరగదు. 1995 నుంచి 2009 వరకు ఆస్పత్రుల లెక్కలు పరిశీలించిన చాపిన్ వైట్ అనే ఆర్థికవేత్త 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మెడికేర్ ధరలు నెమ్మదిగా పెరిగిన చోట ప్రైవేటు ధరలు కూడా నెమ్మదిగానే పెరిగాయని చూపారు. నన్ను నిజంగా ఆలోచింపజేసే ప్రమాదం వేరు. గరిష్ఠ పరిమితి క్రమంగా మామూలు ధరగా మారిపోవచ్చు, 160 తీసుకునే ఆస్పత్రి చట్టం 200 ఒప్పుకుంటున్నదని పైకి రావచ్చు. అందుకే చట్టం పని అయిపోయిందని బేరం మానేసే బోర్డును నేను నమ్మను. 200 అనే అంకె అన్ని రాష్ట్రాలకూ సరిపోదు కూడా. ర్యాండ్ లెక్కలో ఆర్కాన్సా, మిషిగన్ వంటి చోట్ల సగటే 200 లోపు ఉంది, అక్కడ ఈ పరిమితి పెడితే సగటు ఆస్పత్రికి తగిలేది ఏమీ ఉండదు.

మీ కంపెనీ ప్లాన్‌కు ఇది ఎందుకు వర్తించదన్నది చివరి ప్రశ్న. ఇక్కడ రాష్ట్రం ఆస్పత్రుల ధరను శాసించలేదు. తన ఉద్యోగుల కోసం తాను కొనే సేవకు తాను ఎంత ఇస్తుందో మాత్రమే చెప్పింది. మీ కంపెనీ వంటి పెద్ద సంస్థలు సాధారణంగా బీమా కొనవు, క్లెయిముల డబ్బు తామే భరిస్తాయి. 1974 నాటి ఎరీసా అనే కేంద్ర చట్టం ప్రకారం అటువంటి ప్లాన్లు ఎలా ఉండాలో చెప్పే అధికారం రాష్ట్రాలకు లేదు. ప్రభుత్వోద్యోగుల పథకాలు ఆ చట్టం పరిధిలోకి రావు కాబట్టి రాష్ట్రానికి అక్కడ చేతులు కట్టి లేవు. అందరికీ ఒకే ధర కావాలంటే ఆస్పత్రులనే నియంత్రించాలి. మేరీల్యాండ్ 1970ల నుంచి ఆ పని చేస్తోంది, అక్కడ ఒక కమిషన్ నిర్ణయించిన ధరనే ఎవరైనా చెల్లిస్తారు. వెర్మాంట్ 2025లో అటువంటి అధికారాన్ని తన గ్రీన్ మౌంటెన్ కేర్ బోర్డుకు ఇచ్చింది. మీ కంపెనీ స్వచ్ఛందంగా ఇదే కొలబద్ద వాడుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు కాదు. మీ ప్రయోజనాల విభాగాన్ని అడగవలసింది ఆస్పత్రులలో తగ్గింపు ఎంత అని కాదు, ఔట్‌పేషెంట్‌కూ ఇన్‌పేషెంట్‌కూ విడివిడిగా మెడికేర్‌కు ఎంత శాతం చెల్లిస్తున్నామని.

మీ శ్రీమతి గారి విషయంలో, ఈ శరదృతువులో ప్లాన్ ఎంచుకునే గడువుకు ముందు మీరు వెళ్లే ఆస్పత్రి 2027 జాబితాలో ఉందో లేదో ఆ ప్లాన్ వారి వద్దే నిర్ధారించుకోండి. పరిమితి ఆస్పత్రి బిల్లుకే గాని డాక్టరు విడిగా వేసే బిల్లుకు కాదని గుర్తుంచుకోండి. ఏదైనా స్కాను గానీ కొలొనోస్కోపీ గానీ 2026 డిసెంబరులో చేయించుకోవాలా, జనవరి దాకా ఆగవచ్చా అన్న సందేహం వస్తే, డాక్టరు ఆగవచ్చని చెప్పినప్పుడు మాత్రమే డబ్బు లెక్క వేయండి. ఆ లెక్కలో 2026 డిడక్టిబుల్ అప్పటికే తీరిందా అన్నది మొదట చూడాలి. తీరి ఉంటే, ధర ఎక్కువైనా డిసెంబరులో చేయించుకోవడమే మీకు చవక కావచ్చు.